కొత్త పర్సు ఏడాదిన్నరకే పొట్టు లేచింది, నాన్న పర్సు మాత్రం ఇరవై ఏళ్లయినా గట్టిగానే ఉంది. తేడా ఎక్కడుంది?

వంగిన_జేబు:

అందరికీ నమస్కారం. ఇన్నాళ్లూ ఇక్కడ చదవడమే తప్ప ఎప్పుడూ రాయలేదు, ఈసారి మాత్రం ఒళ్లు మండి రాస్తున్నా. ఏడాదిన్నర కింద ఒక పర్సు కొన్నాను, మామూలు రెండు మడతలది, లోపలివైపు చిన్న అక్షరాలతో 'జెన్యూన్ లెదర్' అని అచ్చు కూడా వేసి ఉంది. చవకదేం కాదు, రెండుసార్లు ఆలోచించే కొన్నా. మొదటి ఆరు నెలలు బాగానే ఉంది. తర్వాత మడత దగ్గర సన్న గీతలు పడ్డాయి, ఆ గీతల వెంట నల్ల పొర రేకులు రేకులుగా లేచి జేబులో మిరియాల పొడిలా రాలుతోంది. ఆ పొర కింద చూస్తే బూడిద రంగు పీచు. చెయ్యి పెట్టినప్పుడల్లా గోళ్లలో నల్లగా ఇరుక్కుంటోంది, చిరాకు.

మా నాన్నది కూడా రెండు మడతలదే. నాకు ఊహ తెలిసినప్పటి నుంచీ అదొక్కటే వాడుతున్నాడు, తక్కువలో తక్కువ ఇరవై ఏళ్లు. మూలలు అరిగాయి, రంగు ముదిరింది, అంతే, ఎక్కడా పొట్టు లేవలేదు. అడిగితే 'అప్పటి వస్తువులు వేరురా' అంటాడు. ఆ మాటతో నాకు తృప్తి కలగడం లేదు. నిజంగా తోలులోనే తేడా ఉందా? నాది అసలు తోలేనా, లేక మోసపోయానా? ఇప్పుడు కొత్తది కొనాలంటే ఏం చూసి కొనాలి? నా పర్సులో 11 కార్డులు, కొన్ని నోట్లు, ఎందుకు దాచానో నాకే తెలియని బిల్లులు ఉంటాయి. ప్యాంటు వెనక జేబులో పెడతాను.


తోలు_పురుగు:

ఎనిమిదేళ్లుగా సెలవు రోజుల్లో పర్సులు కుడుతున్నా, సరదాకే. నాకు తెలిసింది చెబుతా, కాస్త పొడవవుతుంది.

ముందు మీ అనుమానం. మీది తోలే కావచ్చు, లేబుల్ అబద్ధం చెప్పి ఉండకపోవచ్చు. కానీ తోలు అంటే ఒకటే వస్తువు కాదు. ఆవు చర్మాన్ని నిలువుగా కోసి చూస్తే పైభాగంలో పీచు చాలా సన్నగా, దట్టంగా అల్లుకుని ఉంటుంది, రోమకూపాలు ఉండేది అక్కడే. కిందికి పోయేకొద్దీ పీచు లావుగా, వదులుగా ఉంటుంది. అంత మందం చర్మం పర్సుకి పనికిరాదు కాబట్టి మిషన్ మీద అడ్డంగా చీలుస్తారు. పై పొరని రుద్దకుండా ఉన్నది ఉన్నట్టు వాడితే ఫుల్ గ్రెయిన్. మచ్చలు, గీతలు పోవడానికి ఇసుక కాగితంతో రుద్ది పూత వేస్తే కరెక్టెడ్ గ్రెయిన్. కింద మిగిలిన పొర స్ప్లిట్, స్వెడ్ (నూగులా మెత్తగా ఉండే తోలు) చేసేది ఎక్కువగా దానితోనే. ఆ స్ప్లిట్ మీద పాలియురెథేన్ అనే ప్లాస్టిక్ పొర అతికించి, వేడి అచ్చుతో రోమకూపాల డిజైన్ కొట్టేస్తే చూడ్డానికి పై పొరలాగే ఉంటుంది. అదీ చట్టప్రకారం చాలాచోట్ల తోలే. యూరప్ ప్రమాణంలో మాత్రం ఆ పూత 0.15 మిల్లీమీటర్లు దాటితే ఉత్త 'లెదర్' అని రాయకూడదు, పూత వేసిన తోలు అని చెప్పాలి.

మీ పర్సులో రాలేది ఆ ప్లాస్టిక్ పొరే. తోలు వంగుతుంది, ఆ పొర కొన్ని వేలసార్లు వంగాక చిట్లుతుంది, పైగా చెమట, తేమ తగిలితే కొన్ని రకాల పాలియురెథేన్ దానంతటదే విరిగి పిండి అవుతుంది. లేచిన చోట గోటితో గీకండి. వదులుగా, కాస్త పొడుగు పీచు కనిపిస్తే స్ప్లిట్. అట్టలా పొడిపొడిగా రాలితే బాండెడ్, అంటే తోలు కత్తిరింపుల్ని పొడి కొట్టి జిగురుతో షీటు చేసింది. నేత గుడ్డ కనిపిస్తే అందులో తోలే లేదు.

ఒక మాట. 'జెన్యూన్ లెదర్ అనేది అన్నిటికంటే తక్కువ గ్రేడు' అని నెట్‌లో ప్రతి రెండో పేజీలో రాస్తుంటారు. అది గ్రేడు కాదు. 'ఇది తోలు' అని చెప్పడం, అంతే. మంచి తోలు మీద కూడా ఆ ముద్ర ఉంటుంది. ఏ పొరో, ఎలా పదును చేశారో (అంటే పచ్చి చర్మాన్ని తోలుగా ఎలా మార్చారో) చెప్పకుండా ఆ ఒక్క ముక్కే వేసి ఊరుకున్నారంటే మాత్రం అనుమానించాలి.

ఇక పదును చేయడం. కరక్కాయ నమిలితే నోరంతా ఒగరుగా పట్టేసినట్టు అవుతుంది కదా, ఆ ఒగరే టానిన్, నోట్లో ప్రొటీన్లని పట్టుకుంటుంది. అదే పని పచ్చి చర్మంలోని కొలాజెన్ మీద చేస్తే చర్మం కుళ్లకుండా తోలవుతుంది. ఓక్, చెస్ట్‌నట్, తుమ్మజాతి చెట్ల చెక్క, కరక్కాయ, వీటి కషాయంలో వారాల తరబడి, కొన్నిచోట్ల నెలల తరబడి నానబెడతారు. దాన్నే వెజిటబుల్ టాన్డ్ అంటారు. గట్టిగా ఉంటుంది, వాడేకొద్దీ రంగు ముదిరి మెరుపు వస్తుంది, నీటి చుక్క పడితే పీల్చుకుని మచ్చ పడుతుంది. రెండోది క్రోమ్. క్రోమియం లవణాలతో చేసే ఈ పద్ధతి 19వ శతాబ్దంలో వచ్చింది, 1884లో అమెరికాలో ఆగస్టస్ షుల్జ్ పేటెంట్ తీసుకున్నాక వ్యాపారంగా ఊపందుకుంది. పదును ఒకటి రెండు రోజుల్లో అయిపోతుంది, తోలు మెత్తగా ఉంటుంది, నీళ్లకి అంత భయపడదు. ఇప్పుడు ప్రపంచంలో తయారయ్యే తోలులో చాలా భాగం ఇదే. కోసిన అంచు మధ్యలో నీలం కలిసిన బూడిద రంగు కనిపిస్తే దాదాపు క్రోమే.

చెట్ల చెక్కతో పదును చేసిన తోలు ఎంత మొండిదో చెప్పడానికి నాకు ఇష్టమైన కథ ఒకటి. 1786 డిసెంబరులో సెయింట్ పీటర్స్‌బర్గ్ నుంచి జెనోవా వెళ్తున్న మెట్టా కాతరీనా అనే ఓడ ఇంగ్లండ్‌లోని ప్లిమత్ దగ్గర మునిగిపోయింది. సరుకులో రష్యన్ రెయిన్‌డీర్ తోళ్ల కట్టలున్నాయి. 1973లో ఈతగాళ్లకి ఆ ఓడ దొరికితే, రెండు వందల ఏళ్లకి దగ్గరగా బురదలో ఉన్న ఆ తోళ్లు వాడకానికి పనికొచ్చేలా ఉన్నాయి! వాటిని కడిగి, ఆరబెట్టి, నూనె పట్టించి బూట్లు, పర్సులు కుట్టి అమ్మారు. మీ పర్సు ఏడాదిన్నర కూడా నిలవలేదని మళ్లీ గుర్తు చేస్తున్నందుకు సారీ.


చరిత్ర_పిచ్చి:

పైన తోలు గురించి చెప్పేశారు కాబట్టి నేను ఆకారం గురించి చెబుతా. పర్సు ఆకారం తోలుని బట్టి మారలేదు, అందులో పెట్టేదాన్ని బట్టి మారింది.

1991లో ఆల్ప్స్ మంచులో దొరికిన ఊట్సి అనే మనిషి, దాదాపు 5,300 ఏళ్ల కిందటివాడు, నడుముకి దూడతోలు సంచి కట్టుకుని ఉన్నాడు. లోపల చెకుముకి రాతి పనిముట్లు, నిప్పు రాజేసే పుట్టగొడుగు. డబ్బు లేదు కాబట్టి దాన్ని పర్సు అనాలా వద్దా అనేది మీ ఇష్టం. ఇంగ్లీషులో వాలెట్ అనే మాట కూడా 14వ శతాబ్దంలో ప్రయాణాల్లో తిండీ సామానూ వేసుకునే సంచికి వాడేవారు, అంటే మన జోలె. నాణేల కాలం అంతా మూతికి తాడు బిగించే తోలుతిత్తే, మొలకి వేలాడేది. దొంగ పని కూడా సులువు, తాడు కోస్తే చాలు. యూరప్‌లో మగవాళ్ల బట్టలకి లోపలే జేబులు కుట్టడం 17వ శతాబ్దంలో బాగా వ్యాపించింది, అప్పుడు గానీ డబ్బు బట్టల లోపలికి పోలేదు.

బల్లపరుపు పర్సు రావడానికి కారణం కాగితం డబ్బు. చైనాలో 11వ శతాబ్దానికే నోట్లున్నాయి. యూరప్‌లో మొదట నోట్లు వేసింది స్వీడన్ బ్యాంకు, 1661లో. ఎందుకో తెలుసా? వాళ్ల డబ్బు రాగి పలకలు. 1644లో కొట్టిన పది డాలెర్ల (అప్పటి స్వీడన్ డబ్బు) పలక ఒక్కటే 19 కిలోలకి పైన తూగుతుంది. దానికి ఎవరు పర్సు కుడతారు చెప్పండి, బండి కట్టాల్సిందే. నోటు పొడుగ్గా ఉన్నన్నాళ్లూ పర్సూ పొడుగ్గా ఉండి కోటు లోపలి జేబులో ఉండేది. అమెరికాలో 1929లో నోటు పొడవుని అంగుళం పైగా తగ్గించారు, మడిచి చిన్న జేబులో పెట్టుకునే పర్సుకి అది కలిసొచ్చింది. తర్వాత 1950లో డైనర్స్ క్లబ్ కార్డు, అదీ అట్టముక్క, ప్లాస్టిక్ తర్వాత వచ్చింది. ఇప్పుడు మీ జేబులో ఉన్న ప్రతి బ్యాంకు కార్డూ 85.60 బై 53.98 మిల్లీమీటర్లు, మందం 0.76. పర్సు కుట్టే వాళ్లందరికీ కొలబద్ద అదే. మీ 11 కార్డులే 8.4 మిల్లీమీటర్లు అయ్యాయి, తోలు లెక్క ఇంకా కట్టలేదు!

సందర్భం వచ్చింది కాబట్టి ఇదీ చెప్పేస్తా. 1938లో అమెరికాలో లాక్‌పోర్ట్ ఊళ్లో ఇ.హెచ్. ఫెర్రీ అనే పర్సుల కంపెనీ, కొత్తగా వచ్చిన సోషల్ సెక్యూరిటీ కార్డు (ప్రభుత్వ పింఛను ఖాతా నంబరు ఉండేది) మా పర్సులో ఎంత చక్కగా పడుతుందో చూడండి అని ప్రతి పర్సులో ఒక నమూనా కార్డు పెట్టింది. నంబరు మాత్రం నిజమైనది, కంపెనీ పెద్దమనిషి దగ్గర పనిచేసే సెక్రటరీది. కార్డు సైజు సగమే, మీద 'నమూనా' అని ఎర్రగా రాసి ఉంది. అయినా కొన్నవాళ్లు అదే తమ నంబరనుకుని వాడేశారు. 1943లో ఒకేసారి 5,755 మంది, మొత్తమ్మీద 40,000కి పైగా. ఆమెకి కొత్త నంబరు ఇచ్చి పాతది రద్దు చేయాల్సి వచ్చింది. 1977లో కూడా 12 మంది ఇంకా అదే వాడుతున్నారట!


రెండు_వేళ్లు:

40,000 మంది!!! నేను కొత్త పర్సులో వచ్చే ఫొటో కూడా తీయకుండా అలాగే ఉంచుతా, ఎవరైనా అడిగితే మా బావ అని చెబుతా.


వంగిన_జేబు:

గీకి చూశా. వదులు పీచే, స్ప్లిట్ అన్నమాట. మోసపోలేదు కానీ మోసపోయినట్టే ఉంది.

తోలు_పురుగు గారూ, అయితే ఫుల్ గ్రెయిన్, వెజిటబుల్ టాన్డ్ అని రాసి ఉన్నది కళ్లు మూసుకుని కొనేయొచ్చా? మేక తోలు, కంగారూ తోలు, కార్డోవాన్ అని ఏవేవో కనిపిస్తున్నాయి, చదివేకొద్దీ టెన్షన్ పెరుగుతోంది. చేత్తో కుట్టినది అంటే నిజంగా తేడా ఉంటుందా, లేక అదీ ప్రచారమేనా?


తోలు_పురుగు:

కళ్లు మూసుకుని ఏదీ కొనకండి. పర్సు చావు చాలావరకు కుట్టు దగ్గర, అంచు దగ్గర, మడత దగ్గర వస్తుంది, తోలు మధ్యలో రాదు. కొట్లో అయినా ఫొటోలో అయినా నేను ముందు చూసేది అంచే.

అంచు మూడు రకాలుగా ముగిస్తారు. కోసిన అంచుని తడిపి, మైనమో జిగురో రాసి, చెక్కతో రుద్ది రుద్ది గాజులా నున్నగా చేయడం ఒకటి. ఇది వెజిటబుల్ టాన్డ్ తోలు మీదే బాగా కుదురుతుంది, పాడైతే ఇంట్లోనే మళ్లీ రుద్దుకోవచ్చు. రెండోది అంచుకి రబ్బరులాంటి రంగు పూత. బాగా వేస్తే చాలా ఏళ్లు ఉంటుంది, ఒక్క కోటు వేసి వదిలేస్తే ఏడాదికి తోరణంలా ఊడి వేలాడుతుంది. మూడోది తోలు అంచుని కత్తితో కాగితంలా పలచన చేసి లోపలికి మడిచి కుట్టడం. పాతకాలం పర్సులు చాలా ఇలాంటివే. చూడ్డానికి మామూలుగా ఉంటుంది కానీ పనితనం కావాలి, ఎందుకంటే పలచన ఎక్కువైతే మడత దగ్గర చిరుగుతుంది, తక్కువైతే ఉబ్బుగా కనిపిస్తుంది. నేను మొదటి ఏడాది పాడుచేసిన తోలంతా ఇక్కడే, ఇంకా ఆ ముక్కలు డబ్బాలో ఉన్నాయి, పారేయబుద్ధి కాదు.

చేతికుట్టు ప్రచారం కాదు, అలాగని మంత్రమూ కాదు. మిషన్‌లో పై దారం ఒకటి, కింది దారం ఒకటి, రెండూ తోలు మధ్యలో మెలేసుకుంటాయి. ఒకటి తెగితే ఆ పక్క కుట్లు వదులవుతూ పోతాయి. చేత్తో అయితే ఒకే మైనం దారం, రెండు చివరలా రెండు సూదులు, ఆరెతో పొడిచిన ప్రతి చిల్లులోంచీ రెండూ ఎదురెదురుగా దూరతాయి. ఒక వైపు తెగినా రెండో వైపు పట్టుకునే ఉంటుంది. కానీ మంచి దారంతో, చివర్లో వెనక్కి తిప్పి గట్టిగా వేసిన మిషన్ కుట్టు జేబులో ఉండే వస్తువుకి సరిపోతుంది. నావి చేతికుట్టువి, గొప్పే, కానీ అందరికీ అక్కర్లేదు.

తోళ్ల సంగతి. మేకది పలచగా ఉన్నా గట్టిది, గింజగింజల డిజైన్ సహజంగానే ఉంటుంది, గీతలు కనపడవు. కంగారూది మందంతో పోలిస్తే చాలా బలం, అందుకే పలచని పర్సులకి బాగుంటుంది. దూడతోలు అందంగా ఉంటుంది, గోరు తగిలినా గీత పడుతుంది. కార్డోవాన్ అంటే గుర్రం పిరుదుల భాగంలో చర్మం లోపల ఉండే దట్టమైన పొర. ఒక్కో గుర్రానికి రెండు చిన్న ముక్కలే వస్తాయి, షికాగోలో 1905 నుంచి ఉన్న హార్వీన్ వాళ్లు దాన్ని తయారు చేయడానికి కనీసం ఆరు నెలలు తీసుకుంటారు. అది మామూలు తోలులా సన్న ముడతలు పడదు, అలలా వంగుతుంది. వాన చుక్క పడితే మాత్రం పొక్కులు లేస్తాయి, మళ్లీ రుద్దాలి. మొదటి మంచి పర్సుకి అది వద్దు. సాఫియానో అనేది జంతువు పేరు కాదు, అడ్డగీతల అచ్చు కొట్టి పూత వేసిన ముగింపు, సాధారణంగా దూడతోలు మీద. గీతలకి తట్టుకుంటుంది. పూత ఉంది కాబట్టి చెడ్డది అనుకోకండి, కింద ఏ పొర ఉందో అదే లెక్క.

బయటి తోలు మందం 1.2 నుంచి 1.5 మిల్లీమీటర్లు, లోపలి అరలు 0.8 దగ్గర ఉంటే ముట్టుకోగానే తెలుస్తుంది. అన్ని పొరలూ మందంగా ఉంటే ఇటుక అవుతుంది. లోపలి అరల కింద గుడ్డ వేశారని తిట్టకండి, మందం తగ్గించడానికి మంచివాళ్లు కూడా వేస్తారు.


ఉన్నది_ఉన్నట్టు:

ఈ వెజిటబుల్ టాన్డ్ భజన చూసి ఒక మాట అనాలనిపించింది. చెమట ఎక్కువ పట్టేవాళ్లకి, వానలో తిరిగేవాళ్లకి పూత లేని వెజిటబుల్ టాన్డ్ తోలు తలనొప్పి. నేను ఒకటి వాడా, మూడు నెలలకి ఒక వైపు నల్ల మచ్చ, లేత రంగు ప్యాంటు జేబుకి రంగంటింది, బీరువాలో పెట్టి మర్చిపోతే బూజు పట్టింది. మంచి క్రోమ్ తోలుకి ఏ బాధా లేదు. క్రోమ్ అంటే విషం అని భయపెట్టేవాళ్లూ ఉన్నారు. తోలులో ఉండేది క్రోమియం మూడు అనే రూపం, సమస్య చేసేది సరిగా చేయనప్పుడు పుట్టే క్రోమియం ఆరు అనే రూపం. చర్మానికి తగిలే తోలులో అది కిలోకి 3 మిల్లీగ్రాములు చేరకూడదని యూరప్‌లో 2015 నుంచి నిబంధన ఉంది.

నూనెలు కూడా అతిగా పూయకండి. తోలు మెత్తబడి అరలు సాగుతాయి, కార్డులు జారిపోతాయి. ఏడాదికి ఒకసారి పలచగా చాలు.

ఇంకోటి, ఆర్‌ఎఫ్ఐడీ బ్లాకింగ్ (కార్డుని తాకకుండానే చదివే రేడియో సిగ్నల్‌ని ఆపడం) అని అదనంగా డబ్బు గుంజుతారు. లోపల రేకు పొర ఉంటే సిగ్నల్ ఆగడం నిజమే, తోలొక్కటే ఆపలేదు. కానీ ఆ కార్డులు పనిచేసేది కొన్ని సెంటీమీటర్ల దూరంలోనే, పైగా ప్రతి చెల్లింపుకీ కొత్త కోడ్ పుడుతుంది, పక్కన నిలబడి చదివేసినా దానితో మీ కార్డుకి నకలు చేయలేరు. ఆ డబ్బు మంచి కుట్టుకి పెట్టండి.

అసలు ప్రశ్న అడిగినాయన వెనక జేబులో 11 కార్డులతో కూర్చుంటున్నారు, దాని గురించి ఎవరూ మాట్లాడరేం? లావు పర్సు మీద కూర్చుని పిరుదులో, కాలిలో నొప్పి తెచ్చుకున్నవాళ్ల గురించి 1978లోనే అమెరికన్ మెడికల్ అసోసియేషన్ పత్రికలో వచ్చింది, దానికి క్రెడిట్ కార్డు పర్సు సయాటికా అని పేరు కూడా పెట్టారు. పర్సు సంగతి తర్వాత, ముందు నడుం చూసుకోండి బాబూ.


వంగిన_జేబు:

నిన్న రాత్రి నాన్న పర్సు అడిగి తీసుకుని, లైటు కింద పెట్టి మీరు చెప్పినవన్నీ చూశాను. ఆయన పక్కనే కూర్చున్నాడు, నేనేదో దాన్ని కోసేస్తానన్నట్టు.

ఫుల్ గ్రెయిన్ వెజిటబుల్ టాన్డ్ ఏదో అయి ఉంటుందని గట్టి నమ్మకంతో మొదలుపెట్టా. కాదు. ఒక అర మూల దగ్గర కుట్టు ఊడి కోసిన అంచు కనిపిస్తోంది, మధ్యలో బూడిద నీలం. అంటే క్రోమ్. పైన గింజగింజగా ఉంది, మేక అనుకుంటా. చాలా పలచన. అంచులన్నీ లోపలికి మడిచి కుట్టినవే. కుట్టు మిషన్‌దే, సందేహం లేదు. నోట్ల అర లోపల గుడ్డ ఒక చివర ఊడి వచ్చింది. పేరూ ఊరూ ఏమీ లేదు.

లోపల ఉన్నవి: నోట్లు, నాలుగు మడతలు పెట్టిన ఒక కాగితం, ఒక పాస్‌పోర్ట్ సైజు ఫొటో. ఒకే ఒక్క కార్డు, అదీ నేను బలవంతంగా తీయించింది. ఎప్పుడూ చొక్కా జేబులోనే పెట్టేవాడట. 'దాని మీద ఎప్పుడైనా కూర్చున్నావా' అని అడిగితే పర్సు మీద ఎందుకు కూర్చుంటారని ఎదురు అడిగాడు.

నా 11 కార్డుల్లో నాలుగు గడువు తీరినవి, రెండు ఏ కొట్టువో కూడా గుర్తులేదు. ఐదు మిగిలాయి. మేక తోలుది, అంచులు మడిచి కుట్టినది వెతుకుతున్నా, ముందు జేబులో పట్టేది. ఇంతకీ నాన్న పర్సులో ఊడిన ఆ గుడ్డని, కుట్టుని ఏం చేయాలి? నేను చేస్తే పాడవుతుందా?


తోలు_పురుగు:

నా నోరు మూయించారు, బాగుంది.

గుడ్డ మీరే అతికించొచ్చు. గట్టిపడి పెళుసయ్యే జిగురు వద్దు, నీటితో పలచబడే తెల్ల తోలు జిగురు తీసుకుని పుల్లతో సన్నగా రాయండి, ఎక్కువైతే గుడ్డలోంచి ఊరి నోట్లకి అంటుకుంటుంది. ఆరేదాకా క్లిప్పులు పెట్టండి, క్లిప్పుకీ పర్సుకీ మధ్య పాత తోలు ముక్క ఉండాలి, లేకపోతే ఆ పళ్ల గుర్తులు జీవితాంతం ఉంటాయి. కుట్టుకి కొత్త చిల్లులు పొడవకండి, ఇంత పలచని తోలు చిల్లుల వెంట తపాలా బిళ్లల షీటులా చిరిగిపోతుంది. పాత చిల్లుల్లోనే, మొనలేని సూదితో, ఊడనిచోట మూడు నాలుగు కుట్లు కూడా కలుపుకుని వెళ్లండి. దారం ఆ లావుదే ఉండాలి.

ముందు ఆ ఫొటో తీసి పక్కన పెట్టండి.